క్రొత్త పాటకు పూచీ ఎవరు?

సంగీతాభిమానులు నలుగురు కూడిన చోట తరచుగ వినవచ్చు మాట ఒకటి కలదు: “ఈ రోజులలో వినదగిన క్రొత్త పాట యేది?” అని. ఇది చూచుటకు ప్రశ్నవలె నుండును గాని నిజమునకు తీర్పు. అడుగువారు సమాధానమును ఆశింపరు. తమకు ఇరువదియేండ్ల వయసున వినిపించిన పాటలతోనే సంగీతము ముగిసినదని వారి నిశ్చయము. ప్రతి తరమును ఈ నిశ్చయముతోనే ముసలిదగుచున్నది. హార్మోనియము సంగీతమునకు తగదని ఆకాశవాణియే 1940లో దానిని వెలివేసి, 1971 వరకు లోనికి రానీయలేదు. ఆ వాద్యము లేని భజనగోష్ఠిని నేడు ఊహింపగలమా? కనుక ఆ తీర్పుతో వాదమునకు దిగను. నేను మనవిచేయదలచినది వేరు. క్రొత్త సంగీతము లేకపోలేదు. అది మన యింటికి వచ్చు త్రోవ మారినది. ఆ త్రోవను గూర్చియు, ఆ త్రోవలో నిలిచి “దీనిని వినుడు, నాది పూచీ” అని చెప్పువారిని గూర్చియు నేటి ప్రసంగము.

మూడు విధములైన సంగీతము ఇచ్చట ప్రస్తావనకు వచ్చును. మొదటిది యువకులు “ఇండీ” అని పిలుచుకొనునది. ఈ పేరు విని ఇది ఇండియాకు సంబంధించినదని అనుకొనువారు కలరు. కాదు, స్వతంత్రమను అర్థము గల ఇండిపెండెంట్ అను ఇంగ్లీషు మాటకు అది ముద్దుపేరు. పెద్ద రికార్డు కంపెనీల పెట్టుబడితో ప్రమేయము లేక, గాయకులు తమ సొంత సొమ్ముతోనో, ఊరిలోని చిన్న దుకాణదారుని సాయముతోనో ముద్రించుకొను సంగీతమని భావము. రెండవది జానపదము. పెద్దల నుండి వచ్చిన పాటను వచ్చినట్లు పాడువారును, ఆ బాణీలో తమ పాట తాము కట్టుకొనువారును ఇందు చేరుదురు. మూడవది విద్యుత్పరికరములతో నాదమునే క్రొత్తగ పుట్టించు ఎలక్ట్రానిక్ సంగీతము. ఈ మూడును ఒండొంటికి దూరపు చుట్టములైనను వీని కష్టము ఒక్కటే. సినిమా పాటకు గోడమీద కాగితము కలదు, తారల ముఖము కలదు, చిత్రము విడుదలకు ముందే ఊరంతయు మ్రోగించు ఏర్పాటు కలదు. వీనికి నోటిమాట తప్ప వేరు గతి లేదు.

ఆ నోటిమాట చిరకాలము రేడియో నోటినుండియే వచ్చెడిది. అందును రెండు పద్ధతులు కనిపించును. 1952లో, శ్రీ బి. వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖామంత్రిగా నున్నప్పుడు, ఆకాశవాణిలో సినిమా పాటలు బాగుగ తగ్గిపోయినవి. ఆ యేడు చివరనే రేడియో సిలోన్ నుండి అమీన్ సయానీ కంఠములో బినాకా గీత్‌మాలా ఆరంభమయ్యెను. రికార్డుల అమ్మకమును, శ్రోతల ఉత్తరములను లెక్కించి పాటలకు మెట్లు కట్టుట దాని పద్ధతి. వారమునకొకసారి ఏ పాట ఏ మెట్టునెక్కినదో తెలిసికొనుటకు దేశమంతయు చెవియొగ్గెడిది. ఇది లెక్కల దారి. రెండవది పూచీల దారి. 1948 డిసెంబరు 1వ తేదీన ప్రసారములారంభించిన మన విజయవాడ కేంద్రము “ఈ మాసపు పాట” అను శీర్షికతో ఒక లలితగీతమును ఎన్నుకొని నెల పొడుగున మరల మరల వినిపించెడిది. ఆ పాటను అంతకు మునుపు ఎవరును కోరియుండలేదు. కోరుటకు అట్టి పాట యున్నదని తెలియదు కదా! నాలుగవసారి విన్నప్పుడు పల్లవి నోటికి వచ్చెడిది. నెల తిరుగునప్పటికి అది యింటిపాటయై వంటింటిలో కూనిరాగముగ వినవచ్చెడిది. లెక్క మనకు ఇష్టమైనదానిని చెప్పును. పూచీ మనకు ఇంకను పరిచయము కానిదానిని తెచ్చి యిచ్చును. రెండును కావలసినవే. కాని రెండవది లేనిచో మొదటిదానికి లెక్కించుటకు క్రొత్త సరకే యుండదు.

పూచీపడుటనే వృత్తిగా చేసికొని ఒక జీవితకాలము గడపిన మనిషి ఇంగ్లండులో నుండెను. ఆయన పేరు జాన్ పీల్. 1967 సెప్టెంబరులో బి.బి.సి. వారి రేడియో 1 కేంద్రము పుట్టినది మొదలు 2004 అక్టోబరులో తాను మరణించువరకు, ముప్పదియేడు సంవత్సరములు ఆయన ఆ కేంద్రమునందే పాటలు వినిపించెను. సంగీత విద్వాంసుడు కాడు, విమర్శకుడు కాడు. కంఠము గంభీరమైనదియు కాదు. పొరుగింటివాడు వసారాలో కూర్చుండి మాటలాడినట్లుండును. ఒక్కొకప్పుడు రికార్డును తప్పు వేగముతో త్రిప్పి, సగము పాట అయిన పిదప గాని గమనింపకపోవుటయు కద్దు. ఐనను, దేశములోని ప్రతి మూలనుండి కుఱ్ఱవాండ్రు తమ యింటిలో ముద్రించిన టేపులను ఆయనకు పంపెడివారు. ఆయన వానిని వినెడివాడు. ఈ చిన్న వాక్యములోనే ఆయన ఘనత యంతయు నున్నదని నా అభిప్రాయము.

ఆయనకు కలిసివచ్చిన నిబంధన ఒకటి కలదు. రేడియోలో గ్రామఫోను రికార్డులే మ్రోగుచుండినచో వాద్యగాండ్రకు పని యుండదను భయముతో, రోజునకు ఇన్ని గంటలే రికార్డులు వేయవలెనని బి.బి.సి.కి అప్పటిలో కట్టుబాటుండెను. మిగిలిన కాలమును నింపుటకు గాయకులను స్టూడియోకు రప్పించి క్రొత్తగ ముద్రింపవలసి వచ్చెడిది. ఆ విధముగ పీల్ కార్యక్రమమునకై ముద్రితమైన గోష్ఠులు నాలుగు వేలకు పైబడినవి. పాల్గొన్నవారు రెండు వేలకు మించిన బృందములు. వీరిలో పలువురికి అదియే మొదటి స్టూడియో ప్రవేశము. సాధారణముగ ఒక్క దినములో నాలుగు పాటలు ముగించవలెను. తప్పులు దిద్దుటకు తీరిక యుండదు. ఆ తొందరపాటే ఆ ముద్రణలకు ప్రాణమిచ్చినదని ఈనాటికిని శ్రోతలు చెప్పుకొందురు. అవసరము కల్పించిన ఏర్పాటు కళకు మేలుచేసిన సందర్భములు అరుదు, ఇది యందొకటి.

1978లో జరిగినదొకటి వినుడు. ఉత్తర ఐర్లండులోని డెర్రీ పట్టణపు అండర్‌టోన్స్ అను కుఱ్ఱవాండ్ర బృందము “టీనేజ్ కిక్స్” అను పాటను ముద్రించినది. ముద్రించినవాడు బెల్‌ఫాస్ట్‌లో రికార్డుల దుకాణము నడపు టెరీ హూలీ. అది బాంబులు ప్రేలుచుండిన కాలము. సాయంకాలమైన పిదప ఆ నగరపు నడిబొడ్డునకు ఎవరును వచ్చెడివారు కారు. హూలీ ఆ పాటను లండనుకు తీసికొనిపోయి పెద్ద కంపెనీల గుమ్మములెక్కి దిగెను. ఎవరికిని పట్టలేదు. ఒక ప్రతి పీల్ చేతికి వచ్చెను. ఆయన దానిని ప్రసారము చేసి, అది ముగియగానే, అదే పాటను వెంటనే మరల వేసెను. బి.బి.సి.లో అట్టి పని వింత. కొలది దినములలోనే ఒక అమెరికా కంపెనీ డెర్రీకి మనిషిని పంపినది. తనకు అన్నిటికంటె ప్రియమైన పాట అదియేనని పీల్ తుదివరకు చెప్పుచుండెను. అందలి చరణమొకటి ఆయన సమాధి రాతిపై చెక్కియున్నది. ఇందు గమనింపవలసినది ఆయన అభిరుచి మాత్రమే కాదు. రెండవసారి వేయుట యను పనిలో ఎంత ధైర్యమున్నదో చూడుడు. “బాగున్నది” అని నోటితో అనుట సుళువు. పదిలక్షల చెవులు కనిపెట్టుకొనియుండగా తన కాలమునుండి మరి మూడు నిమిషములు ఒక అనామక బృందమునకు ధారపోయుట పూచీ అనిపించుకొనును.

ఈనాడు ఆ పీఠమున యంత్రము కూర్చున్నది. చేతిఫోనులో పాటలు వినువారికి సంగతి తెలియును. ఒక పాట ముగియగానే “ఇదియు మీకు నచ్చును” అని మరియొకటి తనంతట వచ్చును. స్పాటిఫై అను సంస్థ 2015 నుండి ప్రతి సోమవారము ఒక్కొక్క శ్రోతకు వేరువేరుగ ముప్పది పాటల జాబితా పంపుచున్నది. ఇందలి కిటుకు కొంతవరకు మన పల్లెల వ్యవహారమే. రామయ్యకును సోమయ్యకును ఇరువది పాటలు ఉమ్మడిగ నచ్చినవనుకొనుడు. సోమయ్యకు నచ్చిన ఇరువదియొకటవ పాటను రామయ్య యింకను వినలేదు. యంత్రము దానిని తెచ్చి రామయ్య చెవిలో వేయును. కోట్లకొలది రామయ్యలను, సోమయ్యలను ఇట్లు జతపరచుట మనుష్యునికి అసాధ్యము. యంత్రమునకు క్షణము పని. పనితనము మెచ్చదగినదే. దాని మూలమున నాకును మంచి పాటలు కొన్ని లభించినవి.

కాని సోమయ్యయు వినని పాట గతి యేమి? పాటకు పొరుగువారు లేనిచో యంత్రమునకు అది కనబడదు. నిన్న రాత్రి నల్లగొండ జిల్లాలో ఒక గదిలో ఒక అమ్మాయి పాడి పైకెక్కించిన పాటను ఎవరును వినలేదు గనుక ఎవరికిని వినిపింపదు. ఎవరికిని వినిపింపదు గనుక ఎవరును వినరు. ఈ చిక్కును యంత్రమును చేసినవారును ఎరుగుదురు. పాట నాదమును పరీక్షించి పోలికలు పట్టు ఉపాయములను వారు చేర్చినారు. ఐనను పోలికయే దాని ప్రాణము. దేనిని పోలనిదానిని అది చేతబట్టి తీసికొనిరాలేదు. సంగీతములో నిజముగ క్రొత్తది, మొదటి దినమున, దేనిని పోలదు. పైగా 2024 నుండి, గడచిన పండ్రెండు నెలలలో వెయ్యిసార్లైనను వినబడని పాటకు స్పాటిఫైలో రాయల్టీ లేదు. చిల్లర పైసలే గదా యనవచ్చును. చిల్లరయే, కాని వెయ్యికి లోపల ఉన్న పాట లెక్కకు రాదన్న మాటను గాయకుడు వినవలసి వచ్చుట చిల్లర సంగతి కాదు.

దేనిని పోలని సంగీతమునకు ఒక నిదర్శనము మన దేశములోనే కలదు. దానికి పూర్వము ఎలక్ట్రానిక్ సంగీతమును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. యంత్రము మీట నొక్కినచో తనంతట పాడునని, అందు మనుష్యుని కష్టము లేదని పెద్దలు కొందరు భావింతురు. 1958లో బి.బి.సి. వారు నాటకములకు వింత ధ్వనులు సమకూర్చుటకై రేడియోఫోనిక్ వర్క్‌షాప్ అను చిన్న శాఖను నెలకొల్పిరి. అందు పనిచేసిన డీలియా డెర్బీషైర్ అను ఆమె 1963లో “డాక్టర్ హూ” అను టెలివిజన్ ధారావాహికకు ప్రారంభ సంగీతమును తయారుచేసినది. బాణీ రాన్ గ్రైనర్ అను ఆయనది. నాదమంతయు ఆమెది. సింథసైజరు ఇంకను అంగడికి రాని కాలమది. ఒక తీగను మీటిన చప్పుడును, పరీక్షా పరికరముల కూతను టేపుపై పట్టి, వేగము పెంచియు తగ్గించియు స్వరములుగా మార్చి, ఒక్కొక్క స్వరమునకు ఇన్ని అంగుళములని టేపును కోసి అతికి ఆమె ఆ సంగీతమును కూర్చినది. మగ్గముపై చీర నేయుటకు దీనికి భేదము కనబడదు. ఐనను తెరపై ఆమె పేరు వేయలేదు. 2013లో, ఆమె మరణించిన పండ్రెండేండ్లకు, ఆ ధారావాహిక స్వర్ణోత్సవమునకు గాని అది తెరకెక్కలేదు.

మన దేశమునకు ఈ విద్య ఆలస్యముగ రాలేదు. 1969లోనే అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో శ్రీమతి గీతా సారాభాయి పూనికతో, అమెరికా నుండి వచ్చిన డేవిడ్ ట్యూడర్ సాయముతో, మోగ్ సింథసైజరుతో కూడిన స్టూడియో వెలసినది. కొలది యేండ్లు పనిచేసి మూతపడినది. ఆ టేపులు ఆ సంస్థ గ్రంథాగారములోనే నిద్రించి, పాల్ పర్గాస్ అను బ్రిటిష్ కళాకారుని కంటబడి, 2023లో గాని రికార్డుగా వెలువడలేదు. వానిలో కొన్ని నాకు ప్రయోగములుగానే తోచినవి. సంగీతమని మనసునకు పట్టినవి నాలుగైదు. అన్నిటిని మెచ్చుకొనవలెనను నియమము లేదు గదా.

ఇప్పుడు నేను చెప్పదలచిన నిదర్శనమునకు వచ్చుచున్నాను. చరణ్‌జీత్ సింగ్ అను ఆయన బొంబాయి సినిమా స్టూడియోలలో వాద్యగాడు. గిటారు, కీబోర్డులు వాయించెడివాడు. వివాహ విందులలో వాయించుటకు తన బృందమును నడపెడివాడు. అట్టివారు బొంబాయిలో వందలకొలది. పాట ప్రజలదగును, పేరు గాయకునిదగును, వీరికి ఆనాటి బత్తెము మిగులును. 1982లో ఆయన అప్పుడప్పుడే జపాను నుండి వచ్చుచున్న రోలాండ్ కంపెనీ పరికరములు మూడింటిని ముందు పెట్టుకొనెను. ఒకటి తాళమునకు, ఒకటి మంద్రస్వరములకు, దాని పేరు టీబీ-303, ఒకటి రాగాలాపనకు. వీనితో పది హిందూస్తానీ రాగములను నాట్యశాలల నడకలో కూర్చి “టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్” అను పేర రికార్డు వెలువరించెను. భైరవి, లలిత్, భూపాలి, తోడి మొదలుకొని మాల్‌కౌంస్, బైరాగి వరకు పది. అమ్ముడుపోలేదు. శాస్త్రీయ సంగీతమువారికి అది డిస్కో, డిస్కోవారికి అది శాస్త్రీయము. రెండు పంక్తుల నడుమ విస్తరి వేసికొన్నవానికి వడ్డించువారెవరు?

ఆ టీబీ-303కును అదే గతి పట్టినది. తోడుగా మంద్రస్వరములు వాయించువాడు లేని గిటారు విద్వాంసునికి సాయపడునని చేసిరి. దాని నాదము ఏ వాద్యమును సరిగ పోలలేదు. 1984కే తయారీ ఆపివేసిరి. అగ్గువకు వచ్చుచున్నదని చికాగో నగరములోని బీదయువకులు కొందరు ఆ పెట్టెను కొని, నాదమును వడగట్టు మీటలను పాట నడచుచుండగానే త్రిప్పిచూచిరి. కిచకిచలాడుచు, జారుచు, బుసకొట్టు ఒక వింత గొంతు పుట్టినది. 1987లో ఫ్యూచర్ అను బృందము ఆ గొంతుతో చేసిన “యాసిడ్ ట్రాక్స్” అను రికార్డు ఒక సంగీత శాఖకే మూలపురుషుడైనది. దానిని యాసిడ్ హౌస్ అందురు. యూరపు యువత రాత్రులు తెల్లవారునట్లు ఆడినది ఆ నాదమునకే.

2002లో ఎడో బౌమన్ అను డచ్చి సేకర్త ఢిల్లీలో పాత రికార్డులు వెదకుచుండగా చరణ్‌జీత్ సింగ్ రికార్డు చేతబడినది. సూది మోపగానే ఆయనకు వినవచ్చినది చికాగో గొంతు. రికార్డు అట్టపై తేదీ చికాగోకు ఐదేండ్ల ముందటిది! ఆయన బొంబాయి వచ్చి సింగుగారిని వెదకి కలసికొని, 2010లో ఆ రికార్డును మరల ముద్రించెను. విన్నవారిలో కొందరు నమ్మలేదు. ఈనాటి కొంటెవాడెవడో పాత అట్ట తగిలించి మోసము చేయుచున్నాడని అనుమానించిరి. అనుమానము తీరిన పిదప యూరపు వేదికలు ఆయనను పిలిచినవి. డెబ్బదియవ పడిలో, ఆ పాత పెట్టెలతో, మనుమల యీడు పిల్లలు ఎదుట ఎగురుచుండగా ఆయన భైరవి వాయించెను. 2015 జులైలో బొంబాయిలో మరణించెను.

ఈ కథ చెప్పునప్పుడు మనవారు కొందరు చేయు పొరపాటు ఒకటి కలదు. “యాసిడ్ హౌస్ మనదే, భారతీయుడే కనిపెట్టినాడు” అని చాటుదురు. ఇది సరికాదు. చికాగో యువకులు ఈ రికార్డును విని యుండలేదు. వారి సంగీతమునకు ఇది తల్లి కాదు. ఒకే పెట్టె ఇద్దరికి దొరికినది, ఇద్దరును దానిలోని జారుడును పట్టుకొనిరి. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు తెగిపోకుండ జారు గుణము ఆ పెట్టెకు కలదు. చికాగో వారికి అది వింత. మీండును, గమకమును చిన్ననాటినుండి విన్న చెవికి అది ఎరిగిన దారి. నాకు సంతోషమును కలిగించునది ఆ పెట్టెలో గమకమును గుర్తించిన చెవి. ఎవరు ముందన్న పందెము కాదు. పూచీపడువాడు గొప్పలు చెప్పినచో వినువాడు గొప్పను విని పాటను మరచును.

ఇరువదియెనిమిదేండ్లు ఆ రికార్డు మారలేదు. అందలి స్వరము ఒక్కటియు చేర్చలేదు, తీసివేయలేదు. మారినదెల్ల, ఒక్క మనిషి దానిని విని మరియొకరికి చెప్పుట. ఇంగ్లండులో వష్టీ బన్యన్ అను గాయనికి ఇంతకంటె నెమ్మదిగ జరిగినది. 1968లో ఆమె గుఱ్ఱపు బండి కట్టుకొని స్కాట్లండు దీవులకు బయలుదేరి, దారిపొడుగున పాటలు కట్టుకొనెను. 1970లో రికార్డు వచ్చినది. పట్టించుకొన్నవారు లేరు. ఆమె పాడుట మానివేసి పిల్లలను, పశువులను పెంచుకొనుచు పల్లెలో కాలము గడపెను. 1990ల చివర కంప్యూటరులో తన పేరును తానే వెదకిచూడగా, ఎక్కడెక్కడివారో ఆ రికార్డును గూర్చి చెప్పుకొనుచుండిరి. 2000లో పునర్ముద్రణ, 2005లో రెండవ రికార్డు. మొదటిదానికి, రెండవదానికి నడుమ ముప్పదియైదేండ్లు! ఆ గొంతు గుసగుసవంటిది. ఇంటిలో అందరు పడుకొనిన పిదప వినదగినది.

దూరదేశముల మాట చాలును. జానపదమును సభలో పాడుట గౌరవము కాదనుకొను రోజులలో వింజమూరి సోదరీమణులు అనసూయ, సీతగారలు ఆ పాటలను ఊరూర సేకరించి మద్రాసు రేడియోలో పాడిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మేనకోడండ్రు పాడుచున్నారనగానే పెద్దమనుష్యులు కాదనలేకపోయిరి. అది వారి పూచీ. మన కాలములో నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన శ్రీ దర్శనం మొగులయ్య కథ వేరొక రీతిది. వారు పండ్రెండు మెట్ల కిన్నెర వాయించుచు పండుగ సాయన్న వంటి వీరుల గాథలు పాడుదురు. వెదురు, సొరకాయబుఱ్ఱలు, తీగలు. ఆ వాద్యమును వాయింపగలవారు వ్రేళ్ళమీద లెక్కకు వత్తురు. 2021లో ఒక సినిమా పాట ఆరంభమున వారి గొంతు వినవచ్చినది. తెలుగునాట వినని యిల్లు లేదు. 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024లో వారు దినకూలీగా పనిచేయుచున్నారని పత్రికలలో వచ్చినది.

ఈ మూడు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టుకొని ఆలోచింపవలెను. కోట్ల చెవులు విన్నవి కదా! విన్నది కొన్ని క్షణముల పాటు. ఆ క్షణముల నుండి రెండు గంటల వీరగాథ వైపునకు శ్రోతను చేయిపట్టి నడపించినవారు కొద్దిమంది. సినిమా ఆయనను పరిచయము చేసినది, తప్పులేదు. పరిచయము చేసినవారు పక్కకు తప్పుకొన్న పిదప మనము ఇంటికి పిలువలేదు. ఆయన గాథలు పూర్తిగా పాడిన ముద్రణలు ఇంటర్నెట్టులో దొరకుచున్నవి. ఒక ఆదివారము మధ్యాహ్నము చాలును.

ఇక ఇంటివద్ద మనము చేయగలిగినదేమి? వెదకుటకు చోట్లు కలవు. మనుష్యులే పాటలను ఎన్ను రేడియోలు నేటికిని నశింపలేదు. అమెరికాలో సియాటిల్ నగరపు కె.ఇ.ఎక్స్.పి., లండనులో 2011లో పుట్టిన ఎన్.టి.ఎస్. ఇంటర్నెట్టు ద్వారా మన యింటికిని వచ్చును. బ్యాండ్‌క్యాంప్ అను అంగడి 2008 నుండి కలదు. అచ్చట గాయకుడే ధర నిర్ణయించును. సాధారణముగ పాటను పూర్తిగ విని పిదప కొనవచ్చును. అంగడివారు నూటికి పదునైదు మినహాయించుకొందురు. 2020 మార్చి నుండి కొన్ని శుక్రవారములు ఆ పదునైదును వదలుకొనుచున్నారు. ఏ పాటను కొన్నవారు ఇంకేమి కొన్నారో కూడ అందు కనబడును. అపరిచితుని అలమరను చూడనిచ్చినట్లే. నేను ఎక్కువగ వెదకునది ఆ అలమరలలోనే. సొమ్ము పెట్టి కొన్నవాని అభిరుచికి, ఊరక విన్నవాని అభిరుచికి తేడా యుండును.

దొరికినదానిని ఇతరులకు చెప్పుట మరింత సున్నితమైన పని. మన యిండ్లలో మామిడిపండ్లు పంచినట్లు బుట్టతో పాటలు పంచువారు కలరు. ఒకేసారి ముప్పది పాటలు పంపుదురు. అందుకొన్నవారు మొదటిదానిని సగము విని మిగిలినవి రేపటికి పెట్టుదురు. ఆ రేపు రాదు. ఒక్కటి పంపుడు. ఎవరికో ఎరిగి పంపుడు. “అచ్చము ఫలానావారివలె పాడుచున్నాడు” అని చెప్పకుడు. వినువాడు ఆ ఫలానావారి కొరకే వెదకి, లేరని కోపించును. దానికి బదులు, ఎచ్చట చెవి పెట్టవలెనో చెప్పుడు: రెండవ నిమిషమున వాద్యమాగి గొంతు ఒంటరిగ నిలుచుననియో, మొదట మొరటుగ తోచినను మూడవసారికి రుచి తెలియుననియో. చిన్నవారు పెద్దలకు పంపునప్పుడు ఇది మరియు అవసరము. పెద్దలు చిన్నవారినుండి వినుట యింకను అవసరము. మీ యింటి పిల్లవాడు చెవులలో గుండీలు పెట్టుకొని ఏమి వినుచున్నాడో ఎన్నడైన అడిగితిరా? “ఆ చప్పుడేమిరా” అని కాదు. “అందు నీకు నచ్చినది ఒకటి వినిపింపుము, కూర్చుందును” అని. కూర్చున్న పిదప మధ్యలో లేవరాదు.

చరణ్‌జీత్ సింగ్ రికార్డును వినదలచువారు మొదటినుండి పట్టకుడు. భూపాలితో ఆరంభింపుడు. అది మన మోహనమే. చెవికి దారి తప్పదు. తాళపు పెట్టె దడదడలు మొదటి నిమిషము కొంత అడ్డువచ్చును, ఓర్చుకొనవలెను. పిదప మాల్‌కౌంస్‌కు పొండు. హిందోళము ఎరిగినవారికి అచ్చట మంద్రస్థాయిలో ఆ చిన్న పెట్టె జారునప్పుడు, అది వీణ కాదని తెలిసియు, మెడ తనంతట ఊగును. వినినచో ఒక కార్డు వ్రాయుడు, నచ్చకపోయినను వ్రాయుడు.